ఏడో మాట

టాడ్‌మర్డెన్‌లో వాన పడని రోజుల్ని
మ్యురియల్ ఆక్రాయిడ్
ఊలు ఉండల అట్టల వెనక రాసిపెట్టుకుంటుంది.
ఈ నెలకి నాలుగు.

అయిదోది కాలేకపోయిన ఒక మంగళవారం
ఫోన్ చేసింది:
"నా సైట్‌లో ఒక మాట
కిందికి జారిపోయింది, చూశావా?"

చూశాను.
హోమ్, యార్న్, నీడిల్స్, క్లాసెస్, ఆఫర్స్, కాంటాక్ట్
పై వరసలో బుద్ధిగా కూర్చున్నాయి.
ఏడోది, అబౌట్ అస్,
బస్సులో సీటు దొరకని మనిషిలా
కింది వరసలో ఒక్కటే నిలబడి ఉంది.

"థీమ్ మార్చేద్దామా?" అంది,
కిటికీ కర్టెన్ మారుద్దామా అన్నంత తేలిగ్గా.

ఎవరికంటా పడకుండా
నా దగ్గరే ఒక కొత్తది తొడిగి చూశాను.
డెమోలో ఎంత బాగుందో!
పెళ్ళిచూపులకి పక్కింటినుంచి తెచ్చిన సోఫాలా.
ఆమె సరుకు దించాక తెలిసింది:
కొట్టు తెరిచే వేళలు మాయం,
ధరల పట్టిక పేజీ అడుక్కి.
పక్క పట్టీలో ఉండే పాత ఫోటో,
ఇద్దరు ఆడవాళ్ళు
ఒకే స్వెటర్‌కి చెరో చెయ్యీ అల్లుతున్నది,
తలలు తెగి
మోకాళ్ళు మాత్రం ఇంతింత.
మెనూ మటుకు ఒక్క వరసలోనే ఉంది,
అబద్ధమెందుకు.

"ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా
అని మాకో సామెత" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.
కాస్త ఆగి
"మేమైతే పిల్లిని తెచ్చుకుంటాం" అంది.

సరే, పిల్లినే తెచ్చాను.
పాత థీమ్ ఒంటిమీద చెయ్యి పడకుండా
దానికో పిల్ల థీమ్ పుట్టించి
మాటకీ మాటకీ మధ్య
పద్దెనిమిది పిక్సెళ్ళని పదహారు చేశాను,
పదమూడు చేశాను,
అక్షరాల్ని పిసరంత సన్నబరిచాను.
నా తెరమీద సరిపోయింది.
ఆమె ముసలి లాప్‌టాప్‌లో మళ్ళీ జారింది.
రాత్రి పదకొండు. హీటర్ దానంతటదే ఆగిపోయింది.
ఇంకా తొమ్మిది పిక్సెళ్ళు కావాలి.

అప్పుడు తట్టింది,
అబౌట్ అస్‌లో అస్ తీసేస్తే పోలా?
అందరూ అలాగే పెడుతున్నారు.
తీశాను.
ఏడు మాటలూ ఒకే తీగ మీది పిట్టల్లా.
బొమ్మ తీసి పంపి పడుకున్నాను.

పొద్దున కూడా జవాబు లేదు.
గొడుగు పట్టుకుని కొండెక్కి నేనే వెళ్ళాను.
బోర్డు మీద ఇంకా ఆక్రాయిడ్ అండ్ పెల్.
గ్వెన్ పెల్ తన వాటా అమ్ముకుని
స్కార్బరోలో టీ కొట్టు పెట్టి మూడేళ్ళు.
పోట్లాట దేనికో నేనెప్పుడూ అడగలేదు.
ఊలుకీ అక్రిలిక్‌కీ మధ్యనని
మార్కెట్లో చేపలమ్మే ఆయన అంటాడు.

ఇంగ్లీషులో అస్ ఒక్కటే.
మాకు రెండు.
మన అంటే అందులో నువ్వూ ఉన్నావు.
మా అంటే
నువ్వు కాదు, ఇంకెవరో ఉన్నారు.
ఆ ఇంకెవర్నో
తొమ్మిది పిక్సెళ్ళ కోసం తీసేశాను రాత్రి.

మ్యురియల్ సూదులు ఆపలేదు.
"అది తియ్యకు" అంది.
పెదవుల్లో లెక్కపెట్టుకుంటూ
చేతిలో వరస పూర్తిచేసింది.
"ఆఫర్స్ తియ్యి.
ఎనభై ఏడు నుంచీ
ఈ కొట్లో ఒక్క పెన్నీ తగ్గించింది లేదు."

తీశాను.
పద్దెనిమిది పిక్సెళ్ళ ఎడం
మాటలకి తిరిగి ఇచ్చేశాను.

ఫోన్‌లో అయితే ఇదంతా ఎవరికీ కనపడదు.
మెనూ అంటే మూడు అడ్డగీతలు,
మా తాతయ్య నుదుటి విభూతిలా.
తాకితే తెరుచుకుంటుంది.
అన్నిటికన్నా అడుగున
అబౌట్ అస్.
నొక్కితే తెల్లటి పేజీ.

వాన లేని రోజు చూసుకుని
రాస్తానంది.